కుడివైపు హద్దు

నేను ప్రొద్దుటూరులో దస్తావేజు లేఖరిని. మా వంశంలో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి. జమ్మలమడుగులో గుంటమగ్గం మీద చీరలు నేసే మా నాయన నన్ను ఆ గుంటలోకి దిగనివ్వకుండా చదివించాడు. ఇరవై మూడేళ్ళుగా ఇతరుల ఇళ్ళకూ పొలాలకూ పత్రాలు రాస్తున్నాను. ఆస్తికి నాలుగు దిక్కులా ఏమున్నదో, ఎవరున్నారో రాసే భాగాన్ని మా వృత్తిలో చెక్కుబంది అంటారు. ఒక్క హద్దు తప్పు పడినా రెండు తరాలు కోర్టు చుట్టూ తిరగవలసి వస్తుంది. అందువల్ల ప్రతి మాటనూ తూచి రాయడం నాకు అలవాటు.

ఈ వ్యాసం నా కుడి కంటిని గురించి. ప్రమాదం గడిచి ఏడాది దాటింది. ఆసుపత్రి వరండాలో నా పక్కన కూర్చున్నవారు కొందరు, తమ కళ్ళలో కూడా ఇటువంటి చుక్కలే తిరుగుతున్నాయని, ఏం జరిగిందో రాసిపెట్టమని అడిగారు. వారి కోసం రాస్తున్నాను. అయితే ఇందులో జబ్బు ఎంత ఉన్నదో అసూయ కూడా అంత ఉన్నది. రెండింటినీ వేరు చేసి రాద్దామని చూశాను. వీలు కాలేదు.

నిరుటి ముందటి ఎండాకాలం

మొదట అది ఒక దారపు పోగులా కనిపించింది. ఒక అమ్మకపు పత్రం సరిచూస్తున్నప్పుడు కాగితం మీద సన్నని నల్లని పోగు పడి ఉన్నట్లు తోచి చేతితో తుడిచాను. పోలేదు. మళ్ళీ తుడిచాను. ఎదురుగా కూర్చున్న రాజుపాలెం రైతు నా చేతి వంకా కాగితం వంకా చూసి, ఈగ వాలిందా అని అడిగాడు. కన్ను కదిలిస్తే పోగు కదిలింది. కన్ను నిలిపితే అదీ మెల్లగా జారి కిందికి దిగింది.

నెల తిరిగేసరికి పోగుకు తోడు చుక్కలు వచ్చాయి. ఊరిలోని కంటి డాక్టరు చూసి, వయసుతో పాటు కంటి లోపలి జిగురు కుంచించుకుపోతుందని, నాలాగా దూరపు చూపు తక్కువున్న వారికి అది కాస్త ముందే మొదలవుతుందని, దీనివల్ల చూపుకు హాని లేదని, కొన్నాళ్ళకు మనసే వాటిని పట్టించుకోవడం మానేస్తుందని చెప్పాడు. చాలామందికి అలాగే జరుగుతుందని తరువాత నేనే కళ్ళారా చూశాను. నాకూ జరిగి ఉండేదేమో. నేను ఆగలేదు.

ఎందుకు ఆగలేదో చెప్పాలంటే మా తోడల్లుడు ఓబులేసును గురించి చెప్పాలి.

మా మామగారికి ఇద్దరూ కూతుళ్ళే. పెద్దమ్మాయి సరస్వతిని నాకిచ్చారు. చిన్నమ్మాయిని పులివెందులలో చీనీకాయల (బత్తాయిల) మండీ నడిపే ఓబులేసుకు ఇచ్చారు. అతను పదో తరగతి గట్టెక్కలేదు. కానీ తోటలో చెట్టు కింద నిలబడి కాయను ఒక్కసారి చేత్తో ఊపి, తోటంతా ఎన్ని లారీలు దిగుతుందో చెప్పగలడు. ప్రొద్దుటూరులో మా మామగారి ఇంటికి అతను కారులో వస్తాడు. నేను అదే ఊరిలో ఉండి స్కూటరు మీద వెళతాను. నన్ను చూడగానే మామగారు కుర్చీ వేయించి, "రాండి సారూ" అంటారు. అతన్ని చూస్తే, "ఒరే ఓబులేసూ, యాడ సచ్చినావురా ఇన్ని దినాలు" అని లేచి భుజం మీద చరుస్తారు. పదిహేనేళ్ళుగా నేను ఆ 'ఒరే' కోసం ఎదురుచూశాను. మర్యాద నాకు దక్కింది, ఇల్లు అతనికి దక్కింది అని మనసులో అనుకునేవాణ్ణి.

ఆ శ్రావణంలో ఓబులేసు తన కంట్లోనూ అవే చుక్కలని, తిరుపతిలో శస్త్రచికిత్స చేయించుకున్నానని చెప్పాడు. కంటి లోపలి జిగురును తీసివేసి నీటిలాంటి ద్రవం నింపుతారట. పది రోజులకే కారు నడుపుకుంటూ వచ్చి, మామగారి నట్టింట్లో నిలబడి, "అద్దం కడిగినట్టుండాది మామా. గోడ మీద చీమ యాడికి పోతాండాదో చెప్పమంటావా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వుతున్న క్షణంలో కూడా నా కుడి కంటిలో పోగు అటునుంచి ఇటు ఊగుతూనే ఉంది. చదువు లేనివాడికి చీమ కనపడుతున్నది, చదివి బతికేవాడికి అక్షరం మీద మసి. ఇదెక్కడి న్యాయం అనిపించింది.

ఒక నెల తరువాత అతను ఆసుపత్రి నుంచి నాకు ఫోను చేశాడు. మండీలో లారీ నింపుతుండగా కంట్లో ఉన్నట్టుండి మెరుపులు మెరిసి, మిరియాలు చల్లినట్లు నల్లని చుక్కలు రాలాయట. నిండీ నిండని లారీని అట్లాగే వదిలి తిరుపతి చేరుకున్నాడట. కంటి వెనుక పొరలో చిన్న చీలిక ఉన్నదని వెంటనే లేజరు పెట్టారట. ఆ మాట వినగానే నా లోపల ఎక్కడో చల్లగా అనిపించింది. ఇది రాయకుండా వదిలేస్తే ఈ వ్యాసమంతా అబద్ధమవుతుంది. అతని కన్ను కూడా దోషం లేనిది కాదు అనే సంతోషంలో, ఆ తరువాత అతను చెప్పిన మాటలను నేను సరిగా వినలేదు. ఏదో గిరాకీ వచ్చిందని చెప్పి ఫోను పెట్టేశాను.

వారం రోజులకే అతని కన్ను మళ్ళీ బాగైంది. నాకు మిగిలిన ఆ చల్లదనం కూడా పోయింది.

మాఘం

ఓబులేసుకు చికిత్స చేసిన తిరుపతి డాక్టరమ్మ దగ్గరికే నేనూ వెళ్ళాను. ఆమె నన్ను తొందరపెట్టలేదు. పైగా వెనక్కి లాగింది. మీ చూపు బాగానే ఉంది, ఈ చికిత్స తప్పనిసరి కాదు, కొందరిలో పొర ఊడే ప్రమాదం ఉంటుంది, ఆపై శుక్లం త్వరగా వస్తుంది అని రెండుసార్లు వివరించింది. నేను ఓబులేసు పేరు చెప్పి, అతనికి చేశారు కదా అన్నాను. ఇద్దరి కళ్ళు ఒకటి కావు అన్నది ఆమె.

సంతకం పెట్టే ముందు చదవండి అని ఇరవై మూడేళ్ళుగా ఊరందరికీ చెప్పినవాణ్ణి. సమ్మతి పత్రాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివాను. ఒకచోట అచ్చుతప్పు కూడా పట్టుకుని నర్సుకు చూపించాను. అందులో పొర ఊడవచ్చునన్న వాక్యం ఉన్నది. కానీ మా పత్రాలలో కూడా ప్రతి అమ్మకానికీ కొన్ని ఆనవాయితీ వాక్యాలు ఉంటాయి. భవిష్యత్తులో ఏ తగాదా వచ్చినా అమ్మినవారే బాధ్యులు అని రాస్తాము. ఆ తగాదా వస్తుందని రాసేవాడూ అనుకోడు, సంతకం పెట్టేవాడూ అనుకోడు. ఆ వాక్యాన్ని కూడా నేను అట్లాగే చదివాను. తప్పు పత్రానిది కాదు, డాక్టరుది కాదు. చదివే అలవాటే నాకు గంతలు కట్టింది.

చికిత్స బాగా జరిగింది. కట్టు విప్పినప్పుడు ఎదుటి గోడ తెల్లగా, పోగు లేకుండా, చుక్క లేకుండా కనిపించింది. ఆ తెల్లదనాన్ని నేను ఈనాటికీ మరువలేను. ఇంటికి రాగానే మామగారి దగ్గరికి వెళ్ళి, నా కన్ను ఓబులేసు కన్ను కంటే బాగా కుదిరిందని, అతనికి పడినట్లు నాకు లేజరు అవసరం పడలేదని, పనిగట్టుకుని చెప్పాను.

ఉగాదికి ముందు

మా నేతవాళ్ళ ఇలవేల్పు చౌడేశ్వరమ్మ. ఉగాదికి ముందు ఆమెకు జ్యోతి ఎత్తుతారు. బియ్యప్పిండి, బెల్లం కలిపి ముద్దచేసి, నడుమ నెయ్యి పోసి వత్తి వెలిగించి, ఆ జ్యోతిని తల మీద పెట్టుకుని మొక్కున్న ఇంటి మగవాడు తెల్లవారుజామున గుడి దాకా నడవాలి. దీపం ఆరకూడదు. మామగారు నలభై ఏళ్ళు ఎత్తారు. మోకాళ్ళు వంగకపోవడంతో ఈసారి అల్లుళ్ళలో ఒకరికి అప్పగించాలని అనుకున్నారు. పద్ధతి ప్రకారం పెద్దల్లుడిది ముందు. కానీ ఆయన నోటి నుంచి, ఓబులేసు మెడ గట్టిది అన్న మాట ఒకసారి వచ్చింది. చికిత్స జరిగిన కంటితో మీకెందుకు శ్రమ అన్నట్లుగా నా వైపు చూశారు కూడా. నేనే ఎత్తుతానని అందరి ముందూ చెప్పాను.

సరిగ్గా అప్పుడే, జ్యోతికి మూడు దినాల ముందు, కుడి కంటిలో కుడివైపు అంచున గోరంత నలుపు కనిపించింది.

నొప్పి లేదు. ఎరుపు లేదు. ఎడమ కన్ను మూస్తే తప్ప తెలిసేది కూడా కాదు. ఏం చేయవలసిందో నాకు తెలియదని చెప్పలేను. డాక్టరమ్మ ఇచ్చిన చీటీలో, తెర పడినట్లు నీడ కనిపిస్తే ఆ రోజే రావాలని అచ్చు వేసి ఉంది. కానీ తిరుపతి వెళితే నన్ను పడుకోబెడతారు. పడుకోబెడితే జ్యోతి ఓబులేసు ఎత్తుతాడు. అదీ గాక, నా కన్నే బాగా కుదిరిందని చెప్పిన నోటితో ఇప్పుడేమని చెప్పాలి? మూడు దినాలే కదా అనుకున్నాను.

ఊరికే ఉండలేక ఒక పని చేశాను. నోటు పుస్తకం తీసి ఆ నీడకు చెక్కుబంది రాశాను. మొదటి దినం: కుడి అంచున గోరంత. రెండో దినం: కుడి కింది మూల నుంచి వేలెడంత పైకి. మూడో దినం: గోడ మీది క్యాలెండరులో కుడి సగం లేదు. సోమవారం కనపడుతుంది, శనివారం కనపడదు. ఇలా కొలతలతో, వేళలతో సహా రాశాను. రాసుకుంటున్నాను కాబట్టి జాగ్రత్తగానే ఉన్నాననే భ్రమ కలిగింది. నా కన్ను నా ముందే ఆక్రమణకు గురవుతుంటే నేను కూర్చుని దానికి హద్దులు రాశాను. ఇటువంటి పొరపాటు వేరే వృత్తివాడు చేసి ఉండడు.

జ్యోతి నాటి తెల్లవారుజామున తలపాగా చుట్టి, పళ్ళెంతో సహా జ్యోతిని నా తల మీద పెట్టారు. పట్టుకోవడానికి కుడి చేయి ఎత్తితే పళ్ళెం అంచు అందలేదు. ఎవరో నా వేళ్ళను తీసి అంచు మీద ఉంచారు. డప్పులు మొదలయ్యాయి. నడిచాను. వీధి పొడవునా ఓబులేసు నా కుడి పక్కన, నాకు ఆనుకున్నట్లుగా నడిచాడు. ఒక్క అడుగు ముందుకు పోడు, వెనక్కి రాడు. జనం అతన్ని కూడా చూడాలని కావాలనే వచ్చాడనుకుని పళ్ళు కొరుక్కున్నాను. దీపం ఆరలేదు. అమ్మవారి ముందు దించాను. మామగారు నా భుజం మీద చరిచారు. ఆ చరుపు కోసమే కదా ఇంతా చేశాను. కానీ సరిగ్గా అప్పుడే ఓబులేసు నన్ను చేయి పట్టి పక్కకు తీసుకువెళ్ళాడు.

"ఎన్ని దినాలాయన్నా?" అన్నాడు.

ఏమిటని అడిగాను.

"దబాయించాకు. నీ కుడిపక్క నీకు కనపళ్ళ్యా. దావ పొడుగూతా నీ చెవికాడ చెయ్యి ఊపుతానే ఉండా. తిరిగి చూల్యా నువ్వు. ఇంటికాడ స్తంభానికి తగిలింటే నేనే గదా అడ్డం పడింది."

మూడు దినాలని చెప్పాను.  అతను గొంతు తగ్గించి అన్నాడు. "ఫోన్లో చెప్పింటి గదన్నా. మెరుపొచ్చినా, నీడొచ్చినా, తినే కూడు ఇడ్సిపెట్టి పోవల్లని. నువ్వు ఊ అంటివే."

అన్నానేమో. వినలేదు.

కట్టుకున్న పంచెలతోనే కారెక్కాము. జ్యోతి వెళ్ళే దారిలో జనం మా కాళ్ళ మీద పోసిన పసుపునీళ్ళు అతని పంచె అంచు నుంచి ఇంకా కారుతున్నాయి. సరస్వతి వెనక సీటులో కూర్చుంది. ఆమె చేతిలో నా నోటు పుస్తకం ఉంది. దారిలో ఇంటి దగ్గర ఆగి సంచీలో బట్టలు సర్దుతున్నప్పుడు దొరికిందట.  కడప దాటాక ఆమె ఒకే ఒక మాట అంది. "పుస్తకానికి చెప్పుకుంటివి. నాకు చెప్పల్యా."



ఆసుపత్రి

మూడు రోజుల ముందు వచ్చి ఉంటే పొర నడిమి భాగం ఊడక ముందే ఆపి ఉండేవాళ్ళమని డాక్టరమ్మ చెప్పింది. ఇది చికిత్స వల్ల రాగల ఇబ్బందేనని, అరుదుగా వస్తుందని, జ్యోతి ఎత్తినందువల్ల కాకపోవచ్చునని, కానీ ఆలస్యం మాత్రం నష్టం చేసిందని అంది. ఆమె కోప్పడి ఉంటే బాగుండేది. మెల్లగా చెప్పింది. చూపు ఎంతవరకు తిరిగి వస్తుందని సరస్వతి అడిగితే, ముందు అతికిద్దాం, తరువాత చూద్దాం అంది. అప్పుడు మొదటిసారి భయపడ్డాను. చదివి బతకడం తప్ప నాకు వేరే పని రాదు.

వరండాలో వేచి ఉన్న ఆ సగం దినంలో నేను చూసిన ప్రతి మనిషి మీదా నాకు అసూయ కలిగింది. గోడ మీది బోర్డులను అలవోకగా చదివి నడిచిపోయేవారి మీద, ఫోనులో బొమ్మలు చూసి నవ్వుకునేవారి మీద, కళ్ళు ఉన్నాయన్న సంగతే గుర్తులేకుండా ఆవులించేవారి మీద. నా పక్కన వేంపల్లె నుంచి వచ్చిన ఖాదర్‌బీ అనే పెద్దామె కూర్చుంది. శుక్లం తీయించుకుని, కువైట్‌లో ఉన్న కొడుకుకు ఫోనులో తన కన్ను ఎంత బాగుందో చెబుతోంది. ఆమె మీద కూడా అసూయే. పరీక్ష కోసం రెండు కళ్ళలోనూ మందు చుక్కలు వేయడంతో నా చీటీ మీది అంకె నాకు కనపడక తిప్పలు పడుతుంటే ఆమె చూసింది. ఆమెకు చదువు రాదు. అయినా వరుసలోకి తొంగిచూసి, తలలు లెక్కపెట్టి, "నీ ముందర ఇంగ ముగ్గురుండారు నాయనా, నేను చెప్తాలే, కూచో" అంది. ఒక్కొక్కరు లోపలికి పోయినప్పుడల్లా నా మోచేతిని తట్టి చెప్పింది. నా వంతు రాగానే తలుపు దాకా నడిపించింది. ఆమె బస్సు అప్పటికే వెళ్ళిపోయిందని తరువాత తెలిసింది.

ఓబులేసు రెండు దినాలు అక్కడే ఉన్నాడు. మండీ ఏమైందని అడిగితే, కాయలకు కాళ్ళు లేవు, యాడికి పోతాయి అన్నాడు.

చైత్రం

పొరను అతికించి, అది కదలకుండా లోపల గాలిబుడగ ఉంచారు. బుడగ పైకి తేలి పొరను ఒత్తిపట్టాలంటే నేను వారం పది దినాలు ముఖం నేలకు పెట్టి ఉండాలి. తినేటప్పుడు, మాట్లాడేటప్పుడు, పడుకున్నప్పుడు కూడా.

జమ్మలమడుగుకు తీసుకుపొమ్మని మా నాయనే పట్టుబట్టాడు. నేను చేరేసరికి తన నవారు మంచంలో తలవైపు నాలుగు పట్టీలు ఊడదీసి, ముఖం పట్టేంత సందు వదిలి, ఆ అంచుల చుట్టూ పాత మెత్తని గుడ్డ చుట్టి ఉంచాడు. ఆసుపత్రివాళ్ళు చెప్పిన దిండు కంటే అది బాగా కుదిరింది. నేను పడుకోగానే ఆయన పక్కన కూర్చుని, నా వీపు మీద చెయ్యి వేసి అన్న మాట నాకు గుర్తుంది. "యాభై ఏండ్లు గుంటలో తల వంచి నేసినా. నీకు ఆ వంపు వద్దనే గదరా సదివిస్తి. వచ్చెనే మళ్ల."

ఆయనకు డెబ్బై దాటింది. కళ్ళద్దాలు లేవు. మగ్గంలో పోగు తెగిన చప్పుడు వినబడితే గుంటలో నుంచి లేవకుండానే వెతికి పట్టి అతుకుతాడు. నేను పడుకున్నచోటికి ఆ మగ్గం చప్పుడు రోజంతా వినబడేది. డెబ్బై ఏళ్ళ తండ్రి కళ్ళను చూసి నలభై ఆరేళ్ళ కొడుకు ఈర్ష్యపడటం ఎంత నీచమో తెలిసి కూడా ఈర్ష్యపడ్డాను. డాక్టర్లు ఏం చేశారని ఆయన అడిగితే, ఊడిన పొరను అతికించారని చెప్పాను. ఆయనకు అది వెంటనే అర్థమైంది. అతికిన పోగు గుడ్డలో కంటికి కనపడదు గానీ చేతికి తగులుతుంది అన్నాడు. నా కన్ను ఇప్పుడు సరిగ్గా అట్లాగే ఉన్నది.

ఆ పది దినాలూ నా లోకమంతా నేల మీద ఒక జానెడు మేర. వచ్చేవారిని పాదాలను బట్టి గుర్తుపట్టేవాణ్ణి. సరస్వతి మెట్టెలు మంచం దగ్గరికి వచ్చి, మందు చుక్కల వేళకు ఆగి, మాట లేకుండా వెళ్ళిపోయేవి. ఆరో దినం ఆ మెట్టెలు ఆగాయి. ఆమె నేల మీద కూర్చుని నా వేళ్ళకు అన్నం ముద్ద అందించింది. ఆ ముద్దలో నాకిష్టమైన ఊరబెట్టిన నిమ్మకాయ కారం కలిపి ఉంది.

ఓబులేసు పులివెందుల నుంచి రెండు దినాలకొకసారి వచ్చేవాడు. మొదటిసారి వచ్చినప్పుడు అతని పాదాలు మంచం పక్కన కాసేపు నిలబడ్డాయి. నా వీపుతో మాట్లాడటం అతనికి నచ్చలేదు. ఏం చేస్తున్నాడో నాకు తెలిసేలోపే అతను నేల మీద వెల్లకిలా పడుకుని, మంచం కిందికి జరిగి, నవారు సందులో నా ముఖానికి ఎదురుగా తన ముఖం పెట్టాడు.

"ఇప్పుడు చెప్పన్నా, ఎట్లుండావు" అన్నాడు.

అంతమంది వచ్చారు, పోయారు. ఆ పని చేసినవాడు అతనొక్కడే. జానెడు దూరంలో అతని రెండు కళ్ళూ నాకు కనిపించాయి. లేజరు పెట్టిన కన్నేదో తెలియలేదు. రెండూ ఒకేలా, తేటగా ఉన్నాయి. ఎడమ కంటితో వాటిని చూస్తూ, ఇన్నాళ్ళూ దాచుకున్న మాట చెప్పేశాను. నీకు చీలిక పడిందన్న రోజు నాకు సంతోషం కలిగింది అన్నాను. మంచం మీద అట్లా వేలాడుతూ చెప్పడం తప్ప ఇంకో విధంగా ఆ మాట చెప్పగలిగేవాణ్ణి కాదు. నా కంటి మందో, కంటి నీరో తెలియదు, ఒక చుక్క రాలి అతని నుదుటి మీద పడింది.

అతను దాన్ని తుడుచుకోలేదు. "తెలుసులేన్నా" అన్నాడు. "ఫోన్లో నీ గొంతు ఇని కనుక్కున్యా. నాకు మాత్రం లేదనుకుంటివా? మామ నిన్ను జూస్తే కుర్చీ యాపిస్తాడు. నన్ను పదైదేండ్లుగా ఒరే అంటాడు. మండీలో మూటలు మోసేటోన్ని గూడా నేను ఒరే అనను. ఒక్క తూరి 'రాప్పా ఓబులేసూ' అంటాడేమోనని సూస్తాండా. అనడు."

 అతనికి మెడ నొప్పి పుట్టి ఉంటుంది. లేవలేదు. లోపల నాయన మగ్గం ఆగకుండా నడుస్తూనే ఉంది.

నా అసూయ ఆ రోజుతో పోయిందని రాస్తే ఎంత బాగుంటుంది. అతను లేచి బట్టలు దులుపుకుని, కారు తోలుకుంటూ వెళ్ళిపోయిన చప్పుడు విని, ఎదుటి బండ్లను చూసి, దారి చూసి తోలుకుంటూ పోగలుగుతున్నాడే అని మళ్ళీ కుళ్ళుకున్నాను. అయితే ఆ కుళ్ళులో ఒకప్పటి చల్లదనం లేదు. అతనికి ఏమైనా కావాలని లేదు. నాకు కూడా కావాలని మాత్రమే ఉంది.

ఇప్పుడు

బుడగ కరిగిపోయింది. డాక్టరమ్మ చెప్పినట్లే శుక్లం వచ్చింది. మార్గశిరంలో తీయించుకున్నాను. పొర నిలిచింది. కుడి కంటికి ఇప్పుడు వెలుగు తెలుస్తుంది, మనుషులు తెలుస్తారు, పెద్ద అక్షరాలు తెలుస్తాయి. తలుపు నిలువు గీత మాత్రం నడుమ వంకరగా కనిపిస్తుంది. కుడివైపు చివర ఒక ముక్క తిరిగి రాలేదు. పత్రాలను ఎడమ కంటితో, కంప్యూటరులో అక్షరం పెద్దది చేసుకుని రాస్తున్నాను. రోజుకు రెండుకు మించి ఒప్పుకోవడం లేదు. అయినా పని ఉంది, కన్ను ఉంది.

చుక్కలతో బాధపడేవారికి నేను చెప్పగలిగింది తక్కువ. చికిత్స చేయించుకోవద్దని అనను. ఓబులేసుకు అది మేలు చేసింది. కానీ ఎవరి కన్నునో చూసి మీ కంటికి చేయించుకోకండి. చేయించుకున్న తరువాత మెరుపు కనిపించినా, నీడ కనిపించినా దాన్ని కొలుస్తూ కూర్చోకండి. ఆ గంటే బయలుదేరండి. పోగొట్టుకున్నది ఏ పరువుతోనూ తిరిగి రాదు.

మొన్న మళ్ళీ జ్యోతి ఎత్తారు. ఈసారి ఎవరు ఎత్తాలన్న మాట వచ్చినప్పుడు నేనే ముందుగా ఓబులేసు పేరు చెప్పాను. దానికి తోడు, నిరుడంతా నోటి దాకా వచ్చి ఆగిన మాట ఒకటి మామగారితో విడిగా అన్నాను. ఆయన ఆశ్చర్యంగా చూసి ఊరుకున్నారు. తెల్లవారుజామున జ్యోతిని చేతుల్లోకి తీసుకుని, ఇంటి గడపలో నిలబడి, "రాప్పా ఓబులేసూ" అని పిలిచారు. ఓబులేసు ఒక్కసారి నా వైపు చూసి తల వంచాడు.

నేను అతని ఎడమ పక్కన నడిచాను. అంటే అతను నా కుడివైపు, నాకు కనపడని చోట ఉన్నాడు. దీపం వెలుగు మాత్రం వంకరగా, వీధి గోడల మీద కదులుతూ కనిపించింది. మెడ ఎంత నిటారుగా ఉందో చూడండి, దీపం ఒక్కసారి కూడా రెపరెపలాడలేదు అని వెనక ఎవరో అంటుంటే విని నాకు కడుపులో మండింది. మండుతూనే, అతని అడుగు తడబడితే పట్టుకోవడానికి కుడి చేతిని కొంచెం ఎత్తి ఉంచాను.

తిరిగి చూడవలసిన పని పడలేదు. నా కుడివైపు హద్దు ఎక్కడుందో నేను కంటితో చూసి రాయలేను. డప్పుల నడుమ, చెప్పులు లేని పాదాలు నా అడుగులోనే అడుగు వేస్తున్న చప్పుడు గుడి దాకా వినబడుతూనే ఉంది.